నాన్న పాట కోసం ఏలూరు లైను వెంట

ఏలూరు నుంచి తాడేపల్లిగూడేనికి ఎక్స్‌ప్రెస్ రైలు ముప్పావు గంటలో వెళ్లిపోతుంది. కిటికీ పక్కన కూర్చుంటే వరిచేలు, కొబ్బరి వరసలు, అక్కడో గేటు, ఇక్కడో చిన్న స్టేషను కనిపించి మాయమవుతాయి. 2006 దసరా సెలవుల్లో ఆ కాస్త దూరంలో నేను మూడు రోజులు తిరిగాను. గుడులూ కోటలూ చూసే పని పెట్టుకోలేదు. మా నాన్న పాటలు పాడేవాడని ఒకాయన అన్న మాట నిజమో కాదో తెలుసుకుందామని వెళ్లాను.

మా నాన్న యాకోబు రైల్వేలో పట్టాలు సరిచేసే గ్యాంగ్‌మన్. నాకు పదహారేళ్లప్పుడు ఆయన కాలు నలిగింది. తర్వాత రిటైరయ్యేదాకా గేట్‌మన్‌గా చేశాడు. అమ్మ పోయాక నెల్లూరులో నా దగ్గరకొచ్చి పన్నెండేళ్లు ఉన్నాడు. పెళ్లి చేసుకోని నేను, మాట్లాడని ఆయన, రెండు గదుల ఇల్లు. "అన్నం పెట్టనా?" అంటే తల ఊపేవాడు. చర్చిలో అందరూ లేచి కీర్తన పాడుతుంటే ఈయన పుస్తకం తెరిచి పట్టుకుని పెదవులు మూసుకుని నిలబడేవాడు. ఆ ఏడాది జూన్‌లో పోయాడు. ఆయనకు కూతురంటే ఇష్టమో కాదో నాకు తెలియకుండానే పోయాడు.

జ్ఞాపకార్థ కూడికకు వచ్చినవాళ్లలో ఒక పెద్దాయన ఉన్నాడు. వయసులో ఉండగా భీమడోలు స్టేషనులో పనిచేశాడట. నా చేతులు పట్టుకుని, "మీ నాన్నగారి గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉందమ్మా. ఆయన పాట ఎత్తుకుంటే గానీ పట్టా కదిలేది కాదు," అన్నాడు. నాన్నను ఇంకెవరో అనుకుని పొరబడ్డాడనుకున్నాను. ఇంటికొచ్చాక ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

ఏలూరు

తెల్లారాక రైలు దిగి, స్టేషను దగ్గరే ఒక లాడ్జిలో సంచీ పడేసి, పెసరట్టు ఉప్మా తిన్నాను. నెల్లూరులోనూ పెసరట్టు వేస్తారు గానీ, ఇక్కడిలా లోపల ఉప్మా కుక్కి, పైన అల్లప్పచ్చడి అంత ధారాళంగా వెయ్యరు. పన్నెండు రూపాయలు. హోటలాయన రెండోసారి పచ్చడి వేస్తూ, "ఏవండీ, ఊరికి కొత్తాండీ?" అన్నాడు. నేను పుట్టి, పదహారేళ్లు పెరిగిన ఊరది. కొత్తేనండీ అని చెప్పాను.

పవరుపేటలో మేం అద్దెకున్న ఇల్లు ఇప్పుడు జిరాక్సు దుకాణం. వీధిలో నన్ను గుర్తుపట్టేవాళ్లు ఒక్కరూ లేరు. దుకాణం ముందు నిలబడితే కుర్రాడెవరో "ఎన్ని కాపీలండీ?" అని అడిగాడు. పనేమీ లేక నా రైలు టిక్కెట్టునే ఒక కాపీ తీయించుకుని వచ్చేశాను.

నాన్న సోమవారం పొద్దున్నే వెళ్లి శనివారం సాయంత్రం వచ్చేవాడు. మిగతా రోజులు గ్యాంగుతోపాటు లైను పక్క క్వార్టర్లలో ఉండేవాడు. ఆదివారం గుమ్మంలో కూర్చుని వీధివైపు చూస్తుండేవాడు. నేనూ అమ్మా లోపల వాగుతూనే ఉండేవాళ్లం. ఆయన ఒక్కసారీ వెనక్కి తిరిగేవాడు కాదు.

రైల్వే ఆఫీసులో ఒక గుమాస్తాగారు కుర్చీ వేసి, టీ తెప్పించి, నా కథంతా విన్నారు. "అప్పటి గ్యాంగుల కాగితాలు ఇప్పుడు దొరకవండీ. కాగితాల్లో ఉన్నా పేరూ జీతమే ఉంటాయి గానీ పాట ఉండదు కదండీ," అన్నారు. ఆయన ఎగతాళిగా అనలేదు. లైను మీద పనిచేసేవాళ్లనే అడగమని, పూళ్ల వెళ్లమని చెప్పారు.

పూళ్ల

మర్నాడు ప్యాసింజరులో పూళ్ల దిగాను. నాతోపాటు దిగింది పాలక్యాన్ల మనిషి ఒక్కడే. అతను సైకిలెక్కి వెళ్లిపోయాక ప్లాట్‌ఫారం మీద నేనూ ఒక కుక్కా మిగిలాం.

లైను పక్కన కాలిబాట మీద కొంత దూరం నడిచాక ఎదురుగా ఒక కీమాన్ వచ్చాడు. పట్టాలకు బిగించిన కట్లు ఊడిపోయాయేమో చూసుకుంటూ రోజూ తన హద్దు మేరా నడిచే మనిషిని కీమాన్ అంటారు. భుజం మీద పొడుగు కామ సుత్తి, చంకలో చుట్టిన ఎర్రజెండా. నన్ను చూడగానే కంగారుపడ్డాడు.

"ఏవండీ, ఇటు నడవకూడదండీ! వెనకనించి బండొస్తే వినపడదు. దిగండి, కిందకి దిగండి."

దిగబోతుంటే కంకరలో కాలు మడతపడి చెప్పు తెగింది. అతను సుత్తి పక్కన పెట్టి, జేబులోంచి ఇనప తీగ ముక్క తీసి, నా చెప్పు కుట్టినంత పని చేశాడు. పేరు శ్రీను. గ్యాంగ్‌మన్ కూతుర్నని చెప్పగానే మాట మెత్తబడింది.

పాత రోజుల్లో పని ఎలా ఉండేదో అతని తండ్రి చెప్పగా విన్నాడట. అప్పుడు పట్టాల కింద చెక్క స్లీపర్లు. వానకు కంకర కుంగితే, ఎండకు పట్టా సాగి వంకర తిరిగితే, అంతా చేతులతోనే సరిచేయాలి. పన్నెండుమంది గడ్డపారలు పట్టా కింద దూర్చి, అంతా ఒక్క ఊపులో తొయ్యాలి. ఒకడు ముందు, ఒకడు వెనక తోస్తే ఇనుము అంగుళం కూడా కదలదు. ఆ ఊపు కుదరడానికి ఒకడు పాట ఎత్తుకుంటాడు. ఒక్కో మాట చివర అందరూ "హైస్సా" అని తోస్తారు.

"ఇప్పుడు మెషినొస్తదండీ," అన్నాడు శ్రీను. "రైలుపెట్టె అంత ఉంటది. ఒక్క పూటలో గ్యాంగు వారం పని చేసి పోద్ది. పాటలేం లేవండి ఇప్పుడు. నేను పొద్దున్నించీ ఒక్కణ్ణే నడుస్తా. మీతోటే ఇవాళ మొదటి మాట."

పాత క్వార్టర్లు చూపించాడు. వరసగా ఆరు గదులు, ఒక్కదానికీ కప్పు లేదు. నాన్న గది ఏదో తెలియక ఆరింట్లోనూ తొంగిచూశాను. అన్నింట్లో ఒకే రకం పిచ్చిమొక్కలు. ఒక గోడకు మాత్రం బట్టలు తగిలించుకునే మేకులు మిగిలాయి. పన్నెండుంటాయేమో అని చూస్తే ఏడే ఉన్నాయి.

"ఆ గ్యాంగు మేస్త్రీ సూరన్నగారు పోయారండి. ఆళ్లావిడ సోమమ్మగారు తాడేపల్లిగూడెంలో ఉందండి, ఉల్లిపాయల మార్కెట్టు వెనకాల. ఆవిణ్ణి అడగండి," అని దారి చెప్పి, శ్రీను సుత్తి భుజాన వేసుకుని భీమడోలు వైపు వెళ్లిపోయాడు. చాలాసేపు కనిపిస్తూనే ఉన్నాడు. చదునైన దేశంలో మనిషి దూరమవడానికి చాలా సమయం పడుతుంది.

తాడేపల్లిగూడెం

గూడెంలో బస్సు దిగగానే ఉల్లిపాయల వాసన చుట్టుకుంది. లారీలు, గోతాలు, తొక్కి నలిగిన ఎర్రపొట్టు. ఒక వాన జల్లు పడి ఆ పొట్టంతా నా చీర కుచ్చెళ్లకు అంటుకుంది. సోమమ్మ ఇల్లు అడిగితే ముగ్గురు మూడు దారులు చూపించారు. మూడోది సరైనది.

ఆవిడకు డెబ్బై అయిదు పైనే. అరుగు మీద కూర్చుని, కూలికి తెచ్చుకున్న ఉల్లిపాయల తోకలు కోస్తోంది. యాకోబు కూతుర్నని, నాన్న జూన్‌లో పోయాడని చెబితే కత్తి పక్కన పెట్టి నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. ఉల్లి ఘాటుకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ ఇంకోలా అనుకుంది.

"ఊరుకో అమ్మా, ఊరుకో. పెద్ద వయసే కదా."

ఆ రోజుల్లో లైను పక్క క్వార్టర్లలో గ్యాంగుకంతటికీ వంట చేసిపెట్టింది ఆవిడే. నాన్న పాడేవాడా అని అడిగాను. నవ్వింది.

"మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదమ్మా. అన్నం దగ్గర ఇంకాస్త కావాలన్నా చెయ్యి చూపించేవోడు. పాట మాత్రం రోజూ విన్నాను. నాకు గడియారం లేదు కదా. పొద్దున్న గొంతు దూరంగా వినపడేది. ఎండెక్కేసరికి పాట మా వైపు జరుగుతూ వచ్చేది. మామిడితోట దాకా వచ్చిందంటే ఎసరు పెట్టేదాన్ని. వంతెన దాటిందంటే అన్నం వార్చేదాన్ని. ఒక్కనాడూ చల్లారిన అన్నం తినలేదమ్మా మావాళ్లు."

అంటే ఆ పెద్దాయన పొరబడలేదు. నాకు సంతోషం కలగాలి. కలిగింది మాత్రం కోపం. ఊరంతా విన్న గొంతు మా ఇంట్లో ఎందుకు వినపడలేదు? తన పాట విని ఎసరు పెట్టుకునేలా పాడిన మనిషి, జ్వరంతో పడుకున్న కూతురి మంచం పక్కన ఒక్క మాటైనా ఎందుకు ఆడలేదు?

"ఏం పాడేవాడండీ?"

"మాటలు తెలియవమ్మా. గొంతు తెలిసేది గానీ మాటలు గాలికి పోయేవి. అయినా ఆ పాటల్లో ఆడవాళ్లు వినకూడనివీ ఉంటాయి కదా అని నేను అడగలేదు."

ఉల్లిపాయ పులుసు, కందిపచ్చడితో అన్నం పెట్టింది. నెల్లూరులో పులుసంటే నాలిక జివ్వుమనాలి. ఇక్కడ బెల్లం ముక్క వేసి నెమ్మది చేస్తారు. రెండోసారి వడ్డించబోతే నేను నోరు తెరవకుండా చెయ్యి అడ్డం పెట్టాను. సోమమ్మ నా చేతికేసి చూసి, "అచ్చం వాళ్ల నాన్నే," అంది.

ఆ పన్నెండుమందిలో ఇప్పుడు ఉన్నది ఒక్కడేనని చెప్పింది. గంగరాజు. కొల్లేటి లంకలోని సొంత ఊరికి వెళ్లిపోయాడు. పాటలో నాన్న పక్కనే నిలబడి మొదటి "హైస్సా" అందుకునేది అతనేనట.

కొల్లేరు

మూడోరోజు ఏలూరు నుంచి బస్సులో దక్షిణానికి వెళ్లి, రోడ్డు అయిపోయిన చోట పడవ ఎక్కాను. అయిదు రూపాయలు. ఆ వేసవిలోనే సరస్సులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వంవాళ్లు యంత్రాలతో పగలగొట్టారు. తెగిన గట్ల కొసలు నీళ్లలో అక్కడక్కడ మొండిగా నిలబడి ఉన్నాయి. మిగతా అంతా నీళ్లు, గుర్రపుడెక్క, కిక్కిస దుబ్బులు. గూడబాతులు అప్పుడే దిగుతున్నాయి. పడవలో ఉన్న ఇద్దరు ఆడవాళ్లు తెలంగాణకు పనికి పోయిన కొడుకుల గురించి కాసేపు చెప్పుకుని ఊరుకున్నారు. పడవ తోసే గెడ నీళ్లలో పడే చప్పుడు తప్ప ఏమీ లేదు.

దిగేటప్పుడు తొందరపడి పడవ అంచు మీద కాలేసి మోకాలి లోతు బురదలో దిగబడ్డాను. శ్రీను కట్టిన తీగతో సహా చెప్పు అక్కడే ఉండిపోయింది. ఒట్టి కాళ్లతో, బురద చీరతో గంగరాజు ఇంటి ముందు నిలబడ్డాను.

గంగరాజు సన్నగా, గడ్డపారలా నిటారుగా ఉన్నాడు. చూపు బాగా తగ్గింది. భార్య నాగరత్నం వంటింట్లోంచి చెంబుతో నీళ్లు తెచ్చి, ఏమీ అడక్కుండా నా కాళ్ల మీద పోసి, చిత్తపరిగె చేపలు పొయ్యి మీద మాడిపోతాయంటూ మళ్లీ లోపలికి పరిగెత్తింది.

"బాబాయిగారూ, నేను యాకోబుగారి అమ్మాయిని. కరుణని," అన్నాను.

 ఆయన గాల్లో చెయ్యి చాపి నా తల తడిమి, "ఎడం కనుబొమ్మ మీద మచ్చుందా?" అన్నాడు.

ఉంది. అయిదేళ్లప్పుడు రోలు మీద పడ్డాను.

"రోలు మీద పడ్డావు. పసుపు అద్దారు. ఏడవలేదు నువ్వు," అన్నాడు గంగరాజు.

"మీకెలా తెలుసు? మీరు మా ఇంటికి ఎప్పుడూ రాలేదు కదండీ."

"పాటలో ఉంది కదమ్మా."

నాకు అర్థం కాలేదు. ఆయన నవ్వి, గొంతు సవరించుకుని, నేల మీద అరచేత్తో తడుతూ అందుకున్నాడు. గొంతులో బలం లేదు గానీ ఊపు తప్పలేదు.

"పాపకు పన్నూడిందిరో - హైస్సా
పైపన్నో కిందిపన్నో - హైస్సా
సూరు మీదకి ఇసిరిందిరో - హైస్సా
కాకెత్తుకుపోయిందంట - హైస్సా"

ఆపి, ఊపిరి తీసుకుని, ఇంకోటి అందుకున్నాడు.

"పలక బద్దలయ్యిందిరో - హైస్సా
పంతులు కొట్టాడంటరో - హైస్సా
కొట్టినోడి సెయ్యిరగా - హైస్సా"

"ఈ మాట దగ్గర మాకు కోపమొచ్చి పట్టా ఎక్కువ జరిగిపోయేది. మేస్త్రీ తిట్టేవోడు," అన్నాడు.

నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆయన ఇంకా కొన్ని పాడాడు. అన్నీ నావే. రెండో తరగతిలో పగిలిన పలక, బియ్యం డబ్బా వెనక దాక్కుని నిద్రపోయిన మధ్యాహ్నం, వీధిలో అందరికీ ఉండి నాకు లేని ఎర్ర రిబ్బను. ఆ రిబ్బను పాట విని సూరన్న మేస్త్రీయే భీమడోలు సంతలో కొన్నాడట. ఒక శనివారం నాన్న దాన్ని నా పుస్తకాల మీద పెట్టి ఏమీ చెప్పకుండా గుమ్మంలోకి వెళ్లి కూర్చున్నాడు. నాకు కొన్ని గుర్తున్నాయి, కొన్ని మర్చిపోయాను. పేరు కూడా తెలియని పన్నెండుమంది మగవాళ్లు మాత్రం ఏవీ మర్చిపోకుండా ఎండలో నా చిన్నతనాన్ని ఇనుము మీద మోశారు.

"ఇవన్నీ ఆయనకెలా తెలుసు? ఇంట్లో మా వంక కూడా చూసేవాడు కాదండీ."

"చూసేవోడు కాదమ్మా, ఇనేవోడు. ఆదివారం మీ ఇంట్లో చెవులు నింపుకుని వచ్చి, సోమవారం నించీ మాకు పంచేవోడు. ఎదురుగా మనిషి మొహం ఉంటే ఆడికి నోరు పెగిలేది కాదు. మేవంతా తలలొంచుకుని పట్టాకేసి చూస్తుంటాం కదా, అప్పుడొచ్చేది మాట. నాకు ఇద్దరు మగపిల్లలు, ఆళ్ల పాట ఎందుకు పాడవురా అని ఓసారి పోట్లాడాను. 'నాకు తెలిసింది మా పాప ఒక్కతేరా,' అన్నాడు."

లోపల చేపలు వేగే చప్పుడు. బయట ఎవరో పడవ కట్టేస్తున్నారు. అడగాల్సింది ఇంకొకటి ఉంది నాకు.

"కాలు నలిగాక పాడలేదా?"

"ఎవరి దగ్గర పాడతాడమ్మా? గేటు కాడ ఒక్కడే కదా." గంగరాజు నేల మీద అరచేత్తో ఒకసారి తట్టాడు. "ఆఖరి పాట కూడా గుర్తుంది నాకు. ఆ రోజు పొద్దున్నది.

పాప పదికొచ్చిందిరో - హైస్సా
రేపే లెక్కల పరీక్షంట - హైస్సా
రాత్రంతా దీపమారలేదు - హైస్సా

మధ్యాహ్నం బండిలోంచి పట్టాలు దింపుతుంటే ఒకటి జారింది. ఎవరి తప్పూ కాదు. పొద్దున వాన పడి జారుడుగా ఉంది."

ఆ పరీక్ష నాకు గుర్తులేకపోవడమేమిటి. ముందురోజు సాయంత్రమే, కబురు తెచ్చినవాళ్ల వెంట అమ్మ బెజవాడ ఆసుపత్రికి వెళ్లిపోయింది. పక్కింటివాళ్లు పెట్టిన అన్నం తిని వెళ్లి పరీక్ష రాశాను. తప్పాను. వేసవి చివర నాన్న గేటు డ్యూటీలో చేరాక, అక్కడికి వెళ్లి ఆ మాట చెప్పాను. ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, గేటు వేసే వేళయిందని కుంటుకుంటూ లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మంచి మార్కులూ, ఉద్యోగమూ, ఏది వచ్చినా నేను నాన్నకు చెప్పడం మానేశాను. అమ్మే చెప్పేది. ముప్పై నాలుగేళ్లు నేను ఆయనకు అసహ్యం కలిగించానని నమ్మి బతికాను. ఇద్దరం పన్నెండేళ్లు రెండు గదుల్లో కూర్చుని, చెరో గోడ చూశాం.

ఇదంతా గంగరాజుకు చెప్పానో లేదో నాకిప్పుడు సరిగ్గా గుర్తులేదు. కొంత చెప్పే ఉంటాను. ఎందుకంటే ఆయన గట్టిగా తల అడ్డంగా ఊపాడు.

"అది కాదమ్మా. మేం ముగ్గురం ఆసుపత్రికెళ్లాం. కాలంతా కట్లు. నొప్పికి పెదాలు కొరుక్కుని రక్తం కారుతోంది. మమ్మల్ని చూడగానే ఒక్కటే మాట. 'లెక్కలు ఎలా రాసిందో కనుక్కోండిరా, నాకు అడగడం రాదు,' అని. మేమెవర్ని అడుగుతాం? తరవాత ఆణ్ణి నిడదవోలు అవతల గేటుకేశారు. మేం మళ్లీ కలవలేదు. ఆణ్ణి తలుచుకున్నప్పుడల్లా మా గ్యాంగులో ఎవడో ఒకడు అడిగేవోడు, ఆ పాప ఏవయ్యిందిరా అని. ఎవరికీ తెలియదు. ఒక్కొక్కళ్లే పోయారు, తెలియకుండానే."

ఆయన ముందుకు వంగాడు. చూపు ఆనని కళ్లతో నా మొహం ఎక్కడుందో వెతుక్కున్నాడు.

"ఇంతకీ పాసయ్యావా అమ్మా?"

ఆయన చెయ్యి పట్టుకున్నాను. 

"ఆ ఏడు తప్పానండీ. అక్టోబరులో మళ్లీ రాశాను. ముప్పై ఎనిమిది మార్కులొచ్చాయి."

గంగరాజు తొడ చరుచుకుని, వంటింటి వైపు తిరిగి అరిచాడు.

"ఏమే, విన్నావా? యాకోబు కూతురు పాసయ్యిందంట!"

నాగరత్నం గరిటె చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. చెమట పట్టిన మొహం కొంగుతో తుడుచుకుంటూ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"దేంట్లోనమ్మా," అంది, "ఆ లెక్కల పరీక్షేనా?"